పాస్‌పోర్టు వయసుకు బీమా

కువైట్‌లో, ఖైతాన్‌లో మేముండే పాత బిల్డింగులో మా కడప, రాయచోటి వైపు వాళ్ళు సగంమంది జూలై ఒకటిన పుట్టారు. మిగతా సగం జనవరి ఒకటిన. పుట్టిన తేదీ చెప్పలేని వాళ్ళకు ఏజెంటు తన నోటికి వచ్చిన తేదీ వేసి పాస్‌పోర్టు తీయించాడు. ఒకే రోజు పుట్టిన ఇంతమందిలో ఒకడు ఎండలో ఇనుము మోస్తాడు, ఇంకొకడు ఏసీ బండి తోలుతాడు. జాతకాలు అబద్ధమనడానికి ఇంతకంటే రుజువేం కావాలని వచ్చిన కొత్తలో వాదించేవాణ్ణి. ఎవరూ ఒప్పుకోలేదు. "నీకు తెలీదులేన్నా, లగ్నం వేరే ఉంటాది" అన్నారు. వాదించడానికి కూడా ఒంట్లో కొంత బలం ఉండాలి. అల్ రాయ్‌లో కారు విడిభాగాల గోడౌన్‌లో రోజంతా నిలబడి వచ్చినవాడికి అది మిగలదు.

తేదీ తప్పయితే నవ్వి ఊరుకోవచ్చు. ఏడాదే తప్పయిన మనిషి సంగతి వేరు.

ఆమె మా పై అంతస్తులో, ఆడవాళ్ళ ఫ్లాటులో ఉంటుంది. లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లె. అల్ రాయ్‌లోనే ఒక క్యాటరింగ్ కిచెన్‌లో రొట్టెల పని. పిండి కలపడం, ఒత్తడం, కాల్చడం, మళ్ళీ పిండి. ఆ కిచెన్ వ్యాను తోలేది రాయచోటి సాయిబు ఒకాయన. నా గోడౌన్ దారిలోనే కాబట్టి పొద్దున నన్నూ ఎక్కించుకుంటాడు. ముందు సీట్లో నేను, వెనక ఆమె. ఆమె నన్ను అన్నా అంటుంది, అతన్ని భాయ్ అంటుంది. నాకు అరవై దగ్గర పడ్డాయి. ఆమెకు యాభై, మహా అయితే యాభై ఒకటి. పాస్‌పోర్టులో మాత్రం అరవై ఒకటి.

ఆ పదేళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. ఇంటి పనికి గల్ఫ్ పోయే ఆడవాళ్ళకు ముప్పై నిండి ఉండాలని మన ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. చిన్న వయసు పిల్లలు పరాయి ఇళ్ళలో పాడైపోకూడదని. ఉద్దేశం మంచిదే. ఈమె బయలుదేరే నాటికి ఇరవై దాటి ఏడాదో రెండేళ్ళో. మొగుడు ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు, పుట్టింట్లో కూర్చుని తినడం ఆమెకు ఇష్టం లేదు. ఏజెంటు ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి పదేళ్ళు కలిపాడు. పిల్లల్ని ఆపాలని పెట్టిన నియమం పిల్లల్ని ఆపలేదు, వాళ్ళ వయసు పెంచింది.

ఆడదాని వయసు ఎంతుండాలో మగవాళ్ళు సభలు పెట్టి తేల్చడం మనకు కొత్త కాదు. పెళ్ళికి ఎంత, కాపురానికి ఎంత అని తాతల నాటి నుంచి కొట్టుకున్నాం. ఆ చర్చల మధ్యే నేను పెరిగాను. చట్టం ఒకటి వస్తే చాలు, సగం అన్యాయం తీరుతుందని హేతువాద సంఘం వేదికలెక్కి చెప్పినవాణ్ణి. చట్టం కింద నిలబడ్డ మనిషి దాన్నుంచి తప్పుకోవడానికి ఏం చేస్తుందో మా సభల్లో ఎవరూ అడగలేదు.

కువైట్‌లో ఇన్నేళ్ళూ ఆ పదేళ్ళతో ఆమెకు ఇబ్బంది రాలేదు. మొదట ఇళ్ళలో చేసింది, తర్వాత ఇంటి వీసా నుంచి కంపెనీ వీసాకు మారింది. ఏటా నివాస పర్మిట్ అయిన ఇఖామాతో పాటు అందరిలాగే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు కట్టేది. చక్కెర జబ్బు వచ్చాక ఖైతాన్ డిస్పెన్సరీలో మాత్రలు తెచ్చుకునేది. అలా ఉండగా ఇక్కడ ఆరోగ్య సంస్కరణ వచ్చింది. అరవై నిండిన, డిగ్రీ లేని విదేశీ పనివాళ్ళకు ప్రభుత్వ బీమా ఇక ఉండదు, ప్రైవేటు బీమా చూపిస్తేనే పర్మిట్ రెన్యూ అవుతుందన్నారు. ఆ నియమం ఒకసారి వచ్చింది, వెనక్కి పోయింది, రూపం మార్చుకుని మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోతుందన్నారు. ఏ వారం ఏది నడుస్తోందో కంపెనీ కాగితాల పని చూసే మందూబ్ నోటి నుంచి వినడమే మా పని.

అమెరికాలో ముసలివాళ్ళ ప్రభుత్వ బీమాను సంస్కరించాలా, కోయాలా అని వాళ్ళు తగువులాడుకోవడం ఫోనులో చదువుతుంటాను. అక్కడ అరవై అయిదు నిండితే ఆ బీమా మొదలవుతుంది. మాకు అరవైతో ఆగిపోతుంది. తన ముసలివాడి జబ్బును ఏ దేశమైనా బాధ్యత అనుకుంటుంది, తిట్టుకుంటూనైనా మోస్తుంది. పరాయి ముసలివాడి జబ్బు దానికి ఉత్త ఖర్చు. ఇది ఒక్క కువైట్ సంగతి కాదు, పనివాణ్ణి అద్దెకు తెచ్చుకునే ప్రతి దేశం సంగతి. ఈ నియమంలో డిగ్రీ ఎందుకు దూరిందో మాత్రం నాకు ఈనాటికీ అర్థం కాలేదు. కడపలో చదివిన బి.ఏ. నాకుంది, చరిత్ర. రక్తపోటు కూడా ఉంది. చరిత్ర చదివిన రక్తపోటుకు మినహాయింపు, నాలుగో తరగతిలో బడి మానిన చక్కెరకు లేదు.

మందూబ్ ఫోను వచ్చింది పొద్దున వ్యానులోనే. ఆమె విని, ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"అరవై దాటినాయంటాండాడు. నాకా?"

"పుట్టినరోజులు చేసుకోలా గదక్కా, అందుకే నీకు తెలీలా" అన్నాడు సాయిబు. "ఇంక నువ్వు ఈయప్పను అన్నా అనగూడదు. తమ్ముడా అనాల. పాస్‌పోర్టు లెక్కలో నువ్వే పెద్ద."

"నోరు మూసుకోని రోడ్డు సూడు భాయ్. నెలాఖరుకు ఇఖామా అయిపోతాది. బీమా లేకుంటే ఖలాస్ అంటాడు ఆయప్ప. టికెట్ తీస్తామంటాడు."

అతని నవ్వు ఆగిపోయింది.

ఊరికి పోతే ఏమవుతుందని నేను అడిగాను. అడగాల్సిన ప్రశ్నే అనుకున్నాను.

"పోయి యాడుండాలన్నా? ఆడికి పోతే నేను ఫలానావాడు వదిలేసిన పెండ్లాన్ని. ఇన్నేండ్లయినా అదే పేరు. ఈడ నేను రొట్టెల మనిషిని. నా మంచం నాది, నా తట్ట నాది. ఎవురికీ ఏమీ చెప్పబన్లే."

శుక్రవారం మా గదిలో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమె చదివిన నాలుగు తరగతుల బడిలో అసలు వయసు రాసి ఉంటుంది, ఆ కాగితం తెప్పించి రాయబార కార్యాలయంలో దిద్దించుకోమని నేను చెప్పాను. సాయిబు తల అడ్డంగా ఊపాడు.

"దిద్దితే ఇన్నేండ్ల ఇఖామాలు ఎవురివంటారన్నా? వేలిముద్ర ఒకటి, వయసులు రెండు. దొంగ కాగితమని పట్టుకోని ఇమానం ఎక్కిస్తే మళ్ళా ఈ దేశంలో కాలు పెట్టేది లే."

అతను చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. ఎవరికి తెలుస్తుందో కూడా తెలియదు. అడగడానికి పోతే అడిగినవాడే దొరికిపోతాడు. ఆమె మా ఇద్దరి మాటలూ విని లేచి నిలబడింది.

"ఏముండాదిలే, ముసల్దాన్నే అయితా. ముసల్దానికిచ్చే బీమానే ఈమను."

బీమా కంపెనీ ముందు వైద్య పరీక్ష చేయించమంది. సాల్మియాలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు సాయిబు తీసుకుపోయాడు. డాక్టరమ్మకు ఇంగ్లీషు ఎక్కువ, హిందీ తక్కువ, ఊరు కేరళ. ఆమె మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి నేను పక్కన కూర్చున్నాను. బరువు చూసింది, రక్తపోటు చూసింది, గుండె విన్నది. తనకు చక్కెర ఉందని ఈమే చెప్పింది, దాచలేదు. డాక్టరమ్మ ఆమె చేతులు తిప్పి చూసి నవ్వింది.

"ఏమంటాందన్నా?"

"నీ వయసుకు చాలా గట్టిగా ఉన్నావంటోంది."

"ఏ వయసుకు?"

"రాసిన వయసుకు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. ఆ గదిలో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

తర్వాత డాక్టరమ్మ, ముట్టు ఆగి ఎన్నేళ్ళయిందో అడగమంది. ముట్టు మైల కాదని, దాన్ని దాచుకోవడమే మైల అని మా వైపు ఊళ్ళల్లో చెప్పి రాళ్ళ దెబ్బలు కూడా తిన్నవాణ్ణి. నీళ్ళు నమలకుండా అడిగాను. ఆమె కూడా సిగ్గుపడలేదు.

"యాడాగిందన్నా? రెండు నెలలకో మూడు నెలలకో వస్తానే ఉండాది. మొన్న వారం గూడా అయ్యింటి."

నేను మాటకు మాట ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. ఎంత రక్తం, ఎన్ని రోజులు, నొప్పి ఉందా, బరువు తగ్గావా, మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని వరసగా అడిగింది. అప్పుడు అర్థమైంది నాకు. యాభైలో అది శరీరం తన పని సర్దుకుంటున్న తీరు. అరవై ఒకటిలో అదే రక్తం కనిపిస్తే గర్భసంచిలో క్యాన్సర్ ఉందేమోనని ముందు వెతకాలి. ఆమె చెప్పింది నిజం, నేను చెప్పింది నిజం, డాక్టరమ్మ అనుమానం కూడా శాస్త్ర ప్రకారం సరైనదే. పైన రాసి ఉన్న వయసు ఒక్కటే అబద్ధం. స్కాన్ తీయాలి, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, అది తేలే దాకా బీమా కంపెనీకి సంతకం పెట్టలేనంది.

తిరుగు ప్రయాణంలో వ్యానులో నా మీద విరుచుకుపడ్డాడు సాయిబు.

"నిలిచిపోయిందని ఒక మాట అనింటే అయిపోయిండేది గదన్నా! నీ సత్యం తగలెయ్య! నిన్ను ఎవురు చెప్పమనె?"

"డాక్టరుకు అబద్ధం చెప్తే, రేపు నిజంగా జబ్బొస్తే?"

"ఇప్పుడు నువ్వు చెప్పిన నిజానికి లేని జబ్బు వచ్చె గదా!"

వెనక సీటు నుంచి ఆమె గట్టిగా అరిచింది. "ఆయన్నెందుకంటావు? చెప్పింది నేను. నాకేం తెలుసు అరవైకి రాగూడదని? నాకింకా అరవై రాలా గదా!"

సాయిబు ముందు నవ్వాడు, స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుంటూ. తర్వాత ఆమె నవ్వింది. సిగ్నల్ దగ్గర బండి ఆగాక ఆమె ముందుకు వంగింది.

"భాయ్, నిజంగానే ఉంటే?"

అతను నా వైపు చూశాడు. జవాబు నా దగ్గర ఉండాలి. యాభైలో ఇది మామూలే, నూటికి తొంభైమందికి ఏమీ ఉండదు అని చెప్పబోయి ఆగాను. ఆ నూరూ తొంభై నేను ఎక్కడా చదివినవి కావు, ఓదార్పు కోసం నోటికి వస్తున్నవి. అంత నిబ్బరంగా అంకెలు చెప్పే వాళ్ళతోనే కదా నేను బతుకంతా దెబ్బలాడింది. "తెలీదమ్మా. చూపిస్తే తెలుస్తుంది" అన్నాను. ఆ మాట ఎంత చప్పగా ఉందో నాకే వినిపించింది.

వైద్యం నమ్మకం కాదు, లెక్క. అందుకే దాని పక్షాన నిలబడ్డాను. కానీ లెక్కలో మొదటి అంకె తప్పు వేసి ఇస్తే ఎంత మంచి వైద్యమైనా తప్పు జవాబుకే పోతుంది. ఆ తప్పు అంకెను వేసింది ఏజెంటు. వేయించింది ఆమె మేలు కోరిన ఒక నియమం. ఇప్పుడు దాన్ని నిజమని పట్టుకున్నది ఆరోగ్య సంస్కరణ పేరుతో వచ్చిన ఇంకో నియమం. ఒకదాన్ని చేసినవాళ్ళకు రెండోదాన్ని చేసినవాళ్ళు తెలియదు. రెండూ కలుసుకున్నది ఈమె ఒంట్లో.

పై ఫ్లాటు ఆడవాళ్ళు ఆమెను దేవుడికి ముడుపు కట్టమన్నారు. ఒకావిడ నిమ్మకాయ తిప్పి చౌరస్తాలో పారేసి వచ్చిందట. పదేళ్ళ కిందటైతే పైకి పోయి గంటసేపు మాట్లాడేవాణ్ణి. ఇప్పుడు మెట్ల మీద ఆ సంగతి విని నా గదికి వచ్చి పడుకున్నాను. నిమ్మకాయ తిప్పినావిడ కనీసం ఆమె వయసు అడగలేదు.

రెండోసారి క్లినిక్‌కు పోయే రోజు నేను సెలవు పెడతానన్నాను. ఆమె వద్దంది.

"ఈసారి మీరు ఎవురూ రావద్దండి. భాయ్ బయట బండిలోనే ఉంటాడు. మొగోళ్ళతో అయ్యే పని కాదు ఇది."

ఆ గదిలో ఏం జరిగిందో మర్నాడు పొద్దున వ్యానులో ఆమె చెబితే విన్నాను.

"పోతానే హిందీలో చెప్పేసినా. మేడం, పాస్‌పోర్ట్ కా ఉమర్ అలగ్, మేరా ఉమర్ అలగ్. నా హిందీ ఎట్లుంటాదో మీకు తెలుసు గదా. ఆయమ్మ కలం కింద పెట్టె. లేసి పొయ్యి తలుపేసి వచ్చె. అసలెంత అనె. యాభై, యాభై ఒకటి అంటి."

"ఏమనింది?" అన్నాడు సాయిబు. రోడ్డు చూడడం మరిచిపోయాడు.

"ముందు సూడు, లారీ. నా ముఖం చూసి, మీ ఊరోళ్ళు ఇంకా ఎంతమంది ఇట్ల అనె. నాకేం తెలుసమ్మా అంటి. అప్పుడు చెప్పె, ఈ మాట నువ్వు నాకు చెప్పలా, నేను ఇనలా అని."

"ఇంకేం, సంతకం పెట్టిందా?"

"పెట్టలా. కాగితంలో అరవై ఒకటి ఉంటే ముక్క తీయకుండా సంతకం పెడితే నా పట్టా పోతాదనె. నీ అసలు వయసుకైతే స్కాన్ చూసి మందిచ్చి పంపిద్దును, ఈ వయసుకు తీయాల్సిందే అనె. సరే తియ్యమంటి."

నొప్పి పుట్టిందా అని నేను అడగలేదు. సాయిబే అడిగాడు.

"పుట్టకుండా ఉంటాదా? పల్లు కరిచి పట్టుకున్యా. ఆయమ్మ మాత్రం మంచిది. చెయ్యి పట్టుకోని ఏందో మలయాళంలో చెప్తా ఉండె. ఒక్క మాట తెలీలా, అయినా బాగుండె."

ఆ డాక్టరమ్మను తప్పుపట్టడానికి నేను చాలా ప్రయత్నించాను. నిజం తెలిశాక కూడా కాగితానికి వైద్యం చేసింది. కానీ ఇంకేం చేయాలి? నిజం రాస్తే ఈమె దేశం దాటాలి. అబద్ధానికి తగిన పరీక్ష చేయకుండా సంతకం పెడితే తను ఉద్యోగం పోగొట్టుకోవాలి. చెయ్యి పట్టుకోవడానికి మాత్రం ఏ నియమమూ అడ్డం లేదు, అది చేసింది.

ఫలితం వచ్చే దాకా ఆమె రోజూ పనికి వచ్చింది. వ్యానులో మాట తగ్గింది. సాయిబు పాటలు పెట్టడం మానేశాడు. ఒక పొద్దున తనే పెట్టమంది. "చచ్చిన ఇంట్లో కూర్చున్నట్లుంది, ఏదో ఒకటి పెట్టు భాయ్" అంది. నెల చివరి వారంలో క్లినిక్ నుంచి ఫోను వచ్చింది. ముక్కలో ఏమీ లేదు. స్కాన్‌లో చిన్న గడ్డ ఒకటి కనిపించింది, ఆ వయసు ఆడవాళ్ళలో మామూలే, అపాయం లేదన్నారు. ఏ వయసు ఆడవాళ్ళలో అని నేను అడగలేదు.

బీమా వచ్చింది. ఇఖామా ఒక్క ఏడాదికి రెన్యూ అయింది. ఆమె ఆ పాలసీ వ్యానులోకి తెచ్చి నా చేతికిచ్చి తెలుగులో చెప్పమంది. చదివాను. బీమా తీసుకునే నాటికి ఉన్న జబ్బులు దీని కిందికి రావు. వాటి కింద ఆమె పేరు పక్కన రెండు రాశారు. ఒకటి చక్కెర, దాని వల్ల వచ్చే కంటి, మూత్రపిండాల జబ్బులు. రెండు, గర్భసంచికి సంబంధించినవన్నీ.

"చక్కెరకు లే, కడుపుకు లే. ఇంక దేనికుందన్నా?"

"కాలు విరిగితే ఉంది. ఎముకలకు అన్నిటికీ ఉంది."

"అయితే అక్కా, పడేటప్పుడు కాలి మీద పడు, కడుపు మీద పడొద్దు" అన్నాడు సాయిబు. ఆమె అతని భుజం మీద ఒకటి వేసింది.

ప్రభుత్వ బీమా పోయింది కాబట్టి డిస్పెన్సరీ లేదు, చక్కెర మాత్రలు ఇక మందుల షాపులో కొనుక్కోవాలి. నేను అది చెప్పాక ఆమె పాలసీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ వారమంతా మాత్రలు సగం సగం మింగుతోందని పై ఫ్లాటు ఆవిడ నాతో అంది. వ్యానులో అడిగితే, నాలిక కట్టుకుంటే సరిపోతుందిలే అంది. ఇది నేను ఒప్పుకోలేదు, గట్టిగానే అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

సాయిబుకు కూడా చక్కెర ఉంది. కాగితం మీద అతనికి ఇంకా అరవై రాలేదు కాబట్టి ప్రభుత్వ బీమా ఉంది. మరుసటి వారం ఒక పొద్దున వ్యానులో, డిస్పెన్సరీలో తనకిచ్చిన మాత్రల అట్టలు రెండు ఆమె వైపు విసిరాడు.

"నీకో?" అంది ఆమె.

"నాకు ఎక్కువే ఇచ్చినారులే. డాక్టరు నా ముఖం చూసి జాలిపడె."

అట్ట తీసుకుని చూశాను. మందు అదే, మోతాదు కూడా అదే. ఒకరికి రాసిన మందు ఇంకొకరు మింగకూడదని నేను ఎన్ని ఊళ్ళల్లో చెప్పానో లెక్క లేదు. ఎక్కువ ఇచ్చారన్నది అబద్ధమని, తన మాత్రల్లోంచే తగ్గించుకుని ఇస్తున్నాడని కూడా నాకు తెలుసు. ఇద్దరికీ చక్కెర ఎంతుందో నెలకోసారి మందుల షాపులో చూపించుకోవాలని, ఇద్దరూ రావాలని మాత్రం చెప్పాను. సాయిబు సరే అన్నాడు. ఆమె మాత్రల అట్టలు మజ్జిగ సీసా పక్కన సంచిలో పెట్టుకుని, కిచెన్ గేటు దగ్గర దిగి, పిండి నానబెట్టాలని వడివడిగా లోపలికి పోయింది.